ఇంటనున్న ఖడ్గము

చావడి గోడకో, దేవుని గదిలోనో ఒక పాత ఖడ్గము వ్రేలాడుచుండు ఇండ్లు మన దేశమున నేటికిని కొన్ని కలవు. విజయదశమినాడు దానికి పసుపు పూయుదురు, కుంకుమ పెట్టుదురు, మొనకు నిమ్మపండు గ్రుచ్చుదురు, కొబ్బరినీరు చిలుకరింతురు. మరునాడు దానిని ఒరలో దోపి గోడకు తగిలింతురు. పిదప మరల దసరా వచ్చువరకు దాని ముఖము చూచువారుండరు. పూజించుట వేఱు, పోషించుట వేఱు. ఈ రెంటికిని నడుమ గల యెడమెంతయో మనము యోచింపవలసి యున్నది.

ఇనుమునకు శత్రువులు మూడు: గాలిలోని ఆమ్లజని, తేమ, ఉప్పు. మొదటి రెండును కలిసిన తుప్పు పుట్టును. మూడవది దానిని త్వరపెట్టును. మన పూజను ఈ దృష్టితో చూడుడు. పసుపు ముద్దలో తేమ కలదు. నిమ్మరసమున ఆమ్లము కలదు. కొబ్బరినీట లవణములు కలవు. భక్తితో స్పృశించిన చేతిచెమటలో ఉప్పు కలదు. వీని నన్నింటిని తుడువక ఒరలో బంధించితిమేని శత్రువులను కోటలోనికి మనమే పిలిచి తలుపు మూసినట్లగును. తోలు ఒర యైనచో మఱింత కీడు. తోలు తేమను పీల్చుకొనును, దానిని పదునుచేసిన ద్రవ్యముల పులుపు అలుగును తినివేయును. కావున దీర్ఘకాలము దాచు ఖడ్గమును ఒరనుండి వేఱుచేసి ఉంచుట మేలు.

కొందఱి యిండ్లలో ఉన్నది సామాన్యమైన ఇనుము కాదు. తెలంగాణములోని కోనసముద్రమువంటి గ్రామములలో ఒకప్పుడు కమ్మరులు ఇనుప ముక్కలను మట్టిమూసలలో పెట్టి, మూతవేసి, కొలిమిలో కాచి, మెల్లగా చల్లార్చెడివారు. బొగ్గు ఇనుమున కరగి ఉక్కు ముద్ద తయారయ్యెడిది. దానికొఱకు పారసీక వర్తకులు అంతదూరము నడచివచ్చిరి. ఆంగ్లేయులు దీనిని 'వూట్జ్' అనిరి. మన 'ఉక్కు' శబ్దమే వారి నోట అట్లు మాఱెనని పండితుల యభిప్రాయము. 1795లో జార్జి పియర్సన్ దీనిని గూర్చి లండను రాయల్ సొసైటీకి నివేదించెను. పిమ్మట మైకేల్ ఫారడే అంతటివాడు దీనిని పరీక్షించెను. ఈ ఉక్కుతో కొట్టిన అలుగుపై నీటి అలలవంటి చాఱలు కనబడును. అవి చెక్కిన చిత్రములు కావు. ఉక్కు లోపలి నిర్మాణమే అట్లు పైకి తేలును.

మా యెఱుకలో ఒక పాతకాలపు లోగిలి కలదు. ఆ యింటి పెద్ద, కత్తి నల్లబడినదని ఒక సానవానికిచ్చి యంత్రపు చక్రముపై రుద్దించెను. పండుగనాడు మమ్ము పిలిచి, "చూచితిరా పంతులుగారూ, అద్దమువలె మెఱయుచున్నది!" అని సంబరపడెను. మెఱయుట నిజమే. కాని అలల చాఱలు మాయమయ్యెను. పిడిపైనున్న బంగారు తీగపని సగము రాలిపోయెను. వాదరవెంట నీలిచాయ పాఱియుండెను. అది చక్రపు రాపిడివలన ఉక్కు మితిమీఱి కాగినదనుటకు గుర్తు. "బాబుగారూ, మీ తాతగారి కత్తిలో ఇప్పుడు మన ముఖములు కనబడుచున్నవి కాని మీ తాతగారు కనబడుటలేదు" అంటిమి. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిదప, "అట్లయిన ఏమి చేయవలసియుండెను?" అని యడిగెను. ఆనాడు మేము చెప్పినదే ఇక్కడను చెప్పుచున్నాము.

మొదట నూలు చేతితొడుగులు తొడుగుకొనవలయును. వెన్నువైపునుండి మెత్తని పాతగుడ్డతో పట్టి, పిడినుండి మొనవైపునకే తుడువవలయును. ముందువెనుకలకు తోమరాదు, వాదర కోసికొనును. ఎఱ్ఱగా పొడిరాలు తుప్పుపై కుట్టుమిషను నూనె చుక్కలు వేసి ఒకదినము నానబెట్టి, గుడ్డతోనో వెదురు పుల్లతోనో మెల్లగా తీయవలయును. ఒక్కసారికి పోనిచో మఱునాడు మరల చేయుడు; తొందర పనికిరాదు. నల్లగానో గోధుమవర్ణముగానో గట్టిపడిన పొరను మాత్రము ముట్టరాదు. అది వయసుతో వచ్చిన చర్మము. ఇత్తడి చెంబులు తోము చింతపండును, ఇటుకపొడిని కత్తికడకు రానీయరాదు. గరుకు కాగితము అసలే కూడదు. తుదకు అదే నూనెను కంటికి కనబడనంత పలుచగా పూయవలయును. కొబ్బరినూనె వంటివి కాలక్రమమున జిగురుపట్టి ధూళిని చేర్చుకొనును. పెక్కు కత్తుల పిడిని అలుగునకు లక్కతో అతికింతురు. కనుక వేడినీటను ముంచరాదు, ఎండలో పెట్టరాదు. వానకాలమున నెలకొకసారియు, సముద్రతీరపు ఊళ్లలో ఇంకను తఱచుగాను చూచుట అవసరము. పూజ చేయదలచినవారు బొట్టును పీఠమునకు పెట్టి, కత్తిని పొడిగా ఉంచవచ్చును. దేవుడు దానికి కోపింపడు. ఇంకొక మాట: 1959 నాటి ఆయుధచట్టమును, 2016 నాటి నియమములను అనుసరించి, ఇంట కత్తి యున్నవారు లైసెన్సు విషయమును అధికారులవలన ముందే తెలిసికొనుట వివేకము.

ఆ పెద్ద అన్నియు వినెను. ప్రక్కనే నిలిచియున్న మనుమరాలు, "తాతయ్యా, ఈ పని నేను చేసెదను" అనెను. ఆమె కళాశాలలో రసాయనశాస్త్రము చదువుచున్నది. ఆయన వెంటనే, "ఆడుపిల్ల కత్తి ముట్టవచ్చునా?" అనెను. మగవారు ముట్టనే ముట్టరు, ఆడువారు ముట్టరాదు. ఇక దానిని ముట్టునది తుప్పొక్కటే. 13వ శతాబ్దమున ఓరుగల్లు నేలిన రుద్రమదేవి జాతిలో పుట్టి మనము ఈ ప్రశ్న వేయుట ఎట్లు? అంతకంటె లోతైన మాట యొకటి కలదు. కత్తిని దేవుని గదిలో నిలిపిన యిండ్లు ఎన్నియో దానిని చేసిన కమ్మరికి పీట వేయలేదు. మూసకడ చెమటోడ్చినవాని పేరు ఏ వంశవృక్షమునను లేదు. ధరించినవాని పేరు మాత్రము తరతరములుగా చెప్పుకొనుచున్నాము. ఆ యలుగు ఎవరి కంఠమున దిగెనో, ఏ యింట విధవను మిగిల్చెనో, అదియు మనకు తెలియదు.

కనుక ఖడ్గమును కాపాడుటలో గర్వమునకు చోటు తక్కువ, బాధ్యతకు చోటెక్కువ. మెఱుపుకొఱకు తోమువాడు తన్ను చూచుకొనును. నిలుపుటకొఱకు తుడుచువాడు పనివాని చేతిని చూచును. ఆ బాలిక ఇప్పుడు నెలకొకసారి ఆ పని చేయుచున్నది. చాఱలు అలుగు లోపలివే కనుక, మితిమీఱి కాగనిచోట అన్నభేది జాతి లవణపు నీటితో వానిని మరల తేర్పగల నిపుణులు కలరని విని, ముందు వారిని అడిగిన పిదపనే యని ఆగియున్నది. పాతవానినన్నిటిని పాఱవేయుట సంస్కారము కాదు; పాతవానిని పాతగా మ్రొక్కుచు కూర్చుండుటయు కాదు. ఏది నిలువదగినదో యెఱిగి, దానిని నిలుపుటకు ఇంటిలోని ఏ చేయి పూనుకొన్నను అడ్డుపడకుండుటయే సంస్కారము.