సౌత్‌వార్క్ పబ్బులు, చేర్యాల మండువ

లండన్‌లో సౌత్‌వార్క్ అనే పాత పేటలో, బరో హై స్ట్రీట్ వెంట నడుస్తుంటే దుకాణాల మధ్య ఒక గేటు కనిపిస్తుంది. లోపలికి పోతే రాళ్లు పరచిన వాకిలి, దానికి ఒక పక్క పొడుగాటి కొయ్య వరండాలతో మూడంతస్తుల మేడ. అదే జార్జ్ ఇన్ అనే పాత పబ్బు. 1676లో ఆ పేట తగలబడినప్పుడు ఇదీ కాలిపోయింది. మరుసటి ఏడే మళ్లీ కట్టారు. ఊళ్ల నుంచి వచ్చే గుర్రపు బండ్లు ఈ వాకిట్లోనే ఆగేవి. అప్పట్లో వాకిలికి మూడు పక్కలా వరండాలుండేవట. 1889లో రైల్వే కంపెనీ ఒక్క పక్క వదిలి మిగతాది కూలగొట్టింది. ఆ మిగిలిన పక్క 1937 నుంచి నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది. ఇప్పటికీ అక్కడ ఏల్ అనే బీరు పోస్తారు, జనం తాగుతారు. చూడటానికి టికెట్టు లేదు.

ఆ పక్కనే టాబర్డ్ అనే సత్రం ఉండేది. పంతొమ్మిదో శతాబ్దంలో దాన్ని పడగొట్టారు. ఆంగ్ల కవి చాసర్ తన కాంటర్‌బరీ యాత్రికులను బయల్దేరదీసింది ఆ సత్రం నుంచే. దారి పొడుగునా ఒక్కొక్కరు కథ చెప్పాలని, బాగా చెప్పినవాడికి విందు చేయాలని పందెం పెట్టింది కూడా సత్రం యజమానే. తాగే చోటే కథ మొదలవడం తెలంగాణలో మా చేర్యాలలో పుట్టినవాడికి కొత్త సంగతి కాదు. మా దగ్గర ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పడానికి ఒక్కో ఆశ్రిత కులం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడిగెలవాళ్లు. అట్లాగే కల్లు గీసే గౌడులకు గౌడ పురాణం చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈ కథకుల చేతిలోని బొమ్మల పటాన్ని గీసి ఇచ్చింది చేర్యాల చిత్రకారులైన నకాశీలు.

ఆ పటం తయారయ్యే తీరు చిన్నప్పుడు ఎంత చూసినా తనివి తీరేది కాదు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత పూస్తారు. ఆరిన గుడ్డ మీద ఉడుత వెంట్రుకల కుంచెతో గీత పడుతుంది. వెనక ఎర్రటి రంగు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు పైగా పొడవు. కథకుడు పైనుంచి కిందికి చుట్ట విప్పుకుంటూ పోతే రాత్రంతా కథ నడిచేది. ఇప్పుడు అంత పొడుగు పటాలు గీయించుకునే కథకులు తగ్గిపోయారు. భౌగోళిక గుర్తింపు వచ్చాక చేర్యాల పేరు దేశమంతా తెలిసింది గానీ, అమ్ముడుపోయేవి గోడకు తగిలించుకునే చిన్న పటాలే. వాటిలో ఎక్కువగా కనిపించేదేమిటో కొన్నవాళ్లకు తెలుసు: తాడెక్కి కల్లు గీస్తున్న గౌడు, కింద లొట్టి పట్టుకున్న ఇల్లాలు.

సౌత్‌వార్క్ వీధుల్లో పబ్బుల బోర్డులు చూసినప్పుడల్లా ఈ పటాలే గుర్తొస్తాయి. రెండో రిచర్డ్ రాజు కాలంలో, 1393లో, ఏల్ కాచి అమ్మే ప్రతివాడూ ఇంటి ముందు ఒక గుర్తు వేలాడదీయాలని ఆజ్ఞ వేశారు. లేకుంటే సరుకు జప్తు. చదువు రాని జనానికి ఆ బొమ్మే దారి చూపేది. ఏల్ నాణ్యం తేల్చడానికి ఇల్లిల్లూ తిరిగే రుచి అధికారికి కూడా అదే ఆనవాలు. ఆ రాజు చిహ్నమైన తెల్ల జింక ఈనాటికీ ఎన్నో పబ్బుల ముందు బొమ్మై వేలాడుతోంది. ఆరు వందల ఏళ్ల కింద ఒక రాజ్యం జనం తాగేదాన్ని ఎవరో ఒకరు రుచి చూసి తేల్చాలనుకుంది. ఈ సంగతి నేను మళ్లీ ఎత్తుకుంటాను.

కల్లు తాగే మా మండువకు గోడలు లేవు. తాటివనంలో చెట్ల కింద ఒక కమ్మల పందిరి, కూర్చోవడానికి నాలుగు బండలు, పక్కన ఉడికిన గుడాలు అమ్మే ఒక అవ్వ. అంతే. మనుషులు మాత్రం ఎప్పటివాళ్లే, ఎవరి గౌడు దగ్గరికి వాళ్లే వస్తారు. ఆయన మోకు, ముస్తాదు వేసుకుని తెల్లవారకముందే ఒకసారి, పొద్దుగూకే ముందు ఇంకోసారి చెట్టెక్కాలి. ఎక్కిన ప్రతిసారీ గెల కొసను కత్తితో పలచగా చెక్కాలి. ఒకపూట చెక్కడం తప్పితే గాయం మూసుకుపోయి ధార ఆగుతుంది. పండుగకీ చావుకీ కూడా సెలవు లేని పని అది. చలికాలం పోద్దాళ్లు, ఆ తరువాత పరుపుదాళ్లు, ఎండలు ముదిరాక పండుదాళ్లు, ఈత వేరే. ఒక్కో కాలపు కల్లుకు ఒక్కో రుచి. పోద్దాటి కల్లు కోసం ఏడాదంతా ఎదురుచూసే మనుషులు నాకు తెలుసు. తాటాకును మడిచి రేక చేసి పట్టుకుంటే లొట్టి వంచి పోస్తారు. ఆకు వాసనతో కలిసిన ఆ మొదటి గుక్కకు గాజు గ్లాసులో సాటి వచ్చేది నేనెక్కడా తాగలేదు.

లొట్టికి సున్నం పూస్తే దిగేది నీరా. పూయకుంటే గాలిలోని ఈస్టు చెట్టు మీదే పని మొదలుపెడుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది మాపటికి పులుస్తుంది, తెల్లారితే పనికిరాదు. నిల్వ చేస్తే చచ్చిపోయే పానీయం ఇది. ఇంగ్లండులోని పాతకాలపు ఏల్ కూడా అట్లాంటిదేనని తెలిసినప్పుడు నాకు ఆ దేశం మీద కొత్త ఇష్టం కలిగింది. పీపాలోకి దించాక కూడా అందులో ఈస్టు పని చేస్తూనే ఉంటుంది. పీపా తెరిస్తే మూడు రోజుల్లో ఖాళీ కావాలి. పెద్ద కంపెనీలు వడగట్టి, గ్యాసు నింపిన బీరును ఊరూరా దించుతుంటే 1971లో నలుగురు స్నేహితులు కలిసి కామ్రా అనే సంఘం పెట్టారు. ప్రాణమున్న ఏల్ బతకాలని వాళ్లు చేసిన పోరాటం వల్లే ఈ రోజు సౌత్‌వార్క్‌లో నేను అడిగిన చోటల్లా అది దొరుకుతోంది.

ఒక విషయంలో మాత్రం మా మండువ వాళ్లకంటే ముందుంది. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లోని ఎల్ వినో అనే పేరున్న వైన్ బారులో ఆడవాళ్లు కౌంటరు దగ్గర నిలబడి తాగడానికి 1982 దాకా ఒప్పుకోలేదు. అప్పీలు కోర్టు తీర్పు చెప్పాకే దారి ఇచ్చారు. నా చిన్నప్పుడు చేర్యాల చుట్టుపక్కల నాట్లేసి వచ్చిన ముసలమ్మలు మొగవాళ్ల పక్కనే కూర్చుని రేక పట్టేవాళ్లు. ఎవరూ వింతగా చూసేవారు కాదు. పోచమ్మకు, ఎల్లమ్మకు సాక పోసేది కల్లే కదా.

కల్లు గీసే చేతుల చరిత్ర కూడా చిన్నది కాదు. జార్జ్ ఇన్‌ను తిరిగి కడుతున్న ఆ కాలానికి చెందినవాడే మా సర్వాయి పాపన్న. గీత కులంలో పుట్టి దండు కట్టాడు. జనగామ దాటాక రఘునాథపల్లి మండలంలో ఉన్న ఖిలాషాపురంలో కోట కట్టాడు. 1708లో వరంగల్ మీద పడి దోచాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ అతన్ని దొంగగా రాశాడు, జనం పాటల్లో వీరుడయ్యాడు. 1874లోనే బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి ఆ పాటను ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో అచ్చు వేశాడు. నకాశీలు పాపన్న కథను ఒక పొడుగాటి పటంగా గీస్తే చూడాలని నాకు చాలా కోరిక.

మండువలకే కాదు, పబ్బులకూ కష్టకాలమే. అద్దెలు, పన్నులు, భూమి ధరలు. రెండు వీధులు తిరిగితే మూతపడినది ఒకటి కనిపిస్తుంది. అయితే అక్కడ 2011లో ఒక చట్టం చేశారు. ఊరి జనం ఒక భవనాన్ని తమ ఉమ్మడి ఆస్తిగా నమోదు చేయించుకోవచ్చు. యజమాని దాన్ని అమ్మబోతే, డబ్బు కూడబెట్టుకుని కొనడానికి జనానికి ఆరు నెలల గడువు దొరుకుతుంది. సౌత్‌వార్క్ బరోలోనే నన్‌హెడ్ అనే చోట ఐవీ హౌస్ పబ్బును 2012లో అట్లా నమోదు చేయించారు. మరుసటి ఏడు చుట్టుపక్కల జనం 370 మందికి పైగా వాటాలు వేసుకుని కొనేశారు.

మనకు సంఘాలు లేక కాదు. ఎక్సైజ్ శాఖ లైసెన్సుతో నడిచే గీత కార్మికుల సహకార సంఘాలు ఊరూరా ఉన్నాయి. హైదరాబాద్‌లో 2004లో మూయించిన కల్లు దుకాణాలను 2014లో మళ్లీ తెరిపించారు కూడా. అయితే చెట్టు లేని చోట కల్లు ఎక్కడి నుంచి వస్తుంది? క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపిన నీళ్లు కల్లు పేరుతో పేదవాడి గొంతులోకి దిగుతున్నాయి. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది. ఆ వార్త లండన్‌లో చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1393 నాటి రుచి అధికారి చేసిన పని మనకు ఈనాడు కావాలి. ప్రతి మండువ దగ్గరా పరీక్ష జరగాలి, ఏ వనం కల్లో బోర్డు మీద రాయాలి.

మొన్న ఊరికి పోయినప్పుడు ఇదంతా మా వైపు తాళ్లు గీసే ఒక పెద్దమనిషితో చెప్పాను. కొమురవెల్లి మల్లన్నకు వచ్చేవాళ్లు, పటాలు కొనడానికి వచ్చేవాళ్లు ఈ దారినే పోతారు కదా, సంఘం తరఫున ఒక మంచి మండువ పెట్టి, ముందర నకాశీలతో గీయించిన బోర్డు కడితే ఎట్లుంటుందని అడిగాను.

“మండువ పెడుతవ్ అల్లుడా, మంచిదే. ఎక్కెటోన్ని యాడికెల్లి తెస్తవ్? నా కొడుకులిద్దరు పట్నంల ఉన్నరు. ఒక్కడు మోకు ముట్టడు.”

ముట్టకపోవడంలో తప్పేముంది? చెట్టు మీద నుంచి పడి నడుము విరిగినవాళ్లు లేని ఊరు మా ప్రాంతంలో లేదు. పబ్బును కాపాడాలంటే ఇటుకలను కాపాడితే చాలు. మండువను కాపాడాలంటే ఎక్కే మనిషి నడుమును కాపాడాలి, అతని పిల్లలు ఆ పని చేయడానికి భయపడకుండా చూడాలి. హరితహారంలో నాటిన తాటి మొక్కలు గీతకు రావడానికి పదిహేనేళ్లయినా పడుతుంది. అప్పటికి ఎక్కేవాళ్లుండాలి కదా. 2024 జులైలో లష్కర్‌గూడలో ప్రభుత్వం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కిట్లు నా దృష్టిలో ఈ మధ్య జరిగిన మంచి పనుల్లో ఒకటి. కొండలెక్కేవాళ్లు వాడే తీరు తాళ్లు, బెల్టు. జారినా మనిషి చెట్టుకే ఆగుతాడు. ప్రతి గీత కార్మికుడికీ అవి అందాలి, వాడటం నేర్పాలి.

ఆయన కాసేపు ఆలోచించి బోర్డు సంగతే మళ్లీ ఎత్తాడు. “బొమ్మ గీయిస్తే మాత్రం కొత్త కిట్టుతోని గీయుమను. బెల్టు మంచిగ కనవడాలె. పోరగాండ్లు చూడాలె.”