ఎవరు ముందు?

అక్క పెళ్లి పిలుపుల లిస్ట్ నాకు అప్పజెప్పారు. నాన్న నోట్‌బుక్‌లోని పేర్లన్నీ ఫోన్లోకి ఎక్కించి, అక్షర క్రమంలో పెట్టేశా. అమ్మ చూసి "మీ మేనమామ అడుగున ఉన్నాడేంట్రా? ముందు బొట్టు పెట్టి పిలవాల్సింది వాళ్లనే!" అంది.

అప్పుడప్పుడే హాస్కెల్ నేర్చుకుంటున్నా. అందులో 'సార్ట్‌బై' అని ఒకటుంది. ఇద్దర్ని చూపిస్తే ముందా, వెనకా, సమానమా అని చెప్పే చిన్న ఫంక్షన్ మనం రాసిస్తే చాలు, లిస్టంతా అదే సర్దుతుంది. సరే, ఆ ఫంక్షన్ మా అమ్మే అనుకున్నా. బోనకల్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఇద్దరిద్దరి పేర్లు అడుగుతూ పోయా. "ఇద్దరూ ఒకటే" అన్నచోట నోట్‌బుక్‌లో ముందున్నవాళ్లే ముందు. సార్ట్‌బై చేసేదీ అంతే.

పెదనాన్న దగ్గర చిక్కొచ్చింది. ఆయన కన్నా మామయ్య ముందట. మామయ్య కన్నా మేనత్త ముందట. మరి మేనత్త, పెదనాన్నల్లో?

"పెదనాన్నే" అంది.

ఇలా గుండ్రంగా తిరిగితే ఎంత మంచి సార్టింగ్ ఇచ్చే వరసకైనా అర్థముండదు. అదే చెప్పా. అమ్మ మాట్లాడలేదు. పొలం గట్టు గొడవయ్యాక ఆరేళ్లుగా ఆ ఇంటికి రాకపోకల్లేవు మరి.

"మీ నాన్ననడుగు" అని లేచిపోయింది.

అడిగే ధైర్యం లేక నోట్‌బుక్ తిరగేశా. మొదటి పేజీ, మొదటి పేరు పెదనాన్నదే. కొట్టేసి, పక్కనే మళ్లీ రాసి ఉంది. ఎక్కించేటప్పుడు గమనించనే లేదు. తీసుకెళ్లి అమ్మకు చూపించా.

మర్నాడు పొద్దున్నే కుంకుమ భరిణె పట్టుకుని అమ్మ పెదనాన్న వాళ్ల వీధి వైపు నడిచింది. కార్డులు పట్టుకుని వెనకే నాన్న.