ముందు నీళ్లు, తర్వాతే చేపలు

ఒకే తొట్టిలో ఏయే చేపల్ని కలిపి పెంచుకోవచ్చని అడిగితే దుకాణాల్లో సాధారణంగా రెండు వరుసలు చెబుతారు. ఇవి శాంతమైనవి, అవి పోట్లాడేవి. శాంతమైనవాటిలో మీకు నచ్చినవి వేసుకోండి అని. గప్పీ, మోలీ, నియాన్ టెట్రా, ఏంజెల్, గోల్డ్ ఫిష్ అన్నీ మొదటి వరుసలోనే ఉంటాయి. కొత్తగా తొట్టి కొన్నవాళ్లు రకానికో జత చొప్పున కవర్లలో వేయించుకుని వెళతారు. నెల తిరిగేసరికి చాలా తొట్టెల్లో సగం చేపలు మిగలవు. ఏ చేపా ఏ చేపనీ కరిచి ఉండదు. తప్పు ఆ వరుసల్లోనే ఉంది. చేపల మధ్య పొత్తును మనం వాటి స్వభావంలో వెతుకుతున్నాం. కానీ ఆ పొత్తు కుదిరేదీ లేనిదీ అంతకంటే ముందే తేలిపోతుంది: అవి బతకాల్సిన నీటిలో, పెరగబోయే చోటులో, తమ జాతివి ఎన్ని తోడున్నాయన్న లెక్కలో. పోట్లాట కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని గురించే మాట్లాడుకుంటాం. నీరు పడక చేప చిక్కిపోవడం రోజుల తరబడి, ఎవరూ గమనించకుండానే జరిగిపోతుంది.

నియాన్ టెట్రాను తీసుకుందాం.  అది పుట్టి పెరిగింది ఎగువ అమెజాన్ అడవుల వాగుల్లో. రాలిన ఆకులు నాని నాని ఆ నీరు టీ డికాక్షన్ రంగు తిరుగుతుంది. అందులో సున్నం దాదాపు ఉండదు, ఆమ్లగుణం ఎక్కువ. మోలీల పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా తీర ప్రాంతాలు. సముద్రపు పోటు తగిలే ఉప్పు కయ్యల్లోనూ అవి బతుకుతాయి. ఈ తేడా చేప ఒంటికి ఎందుకంత ముఖ్యమంటే, మంచినీటి చేప రక్తంలో ఉండే లవణాలు బయటి నీటిలో ఉన్నవాటికంటే చాలా ఎక్కువ. అందువల్ల నీరు మొప్పల గుండా లోపలికి చొరబడుతూనే ఉంటుంది, లవణాలు బయటికి జారిపోతూనే ఉంటాయి. చొరబడిన నీటిని మూత్రపిండాలు పలచని మూత్రంగా తోసేస్తుంటే, మొప్పల్లోని కణాలు నీటిలోంచి లవణాల్ని ఏరి లోపలికి లాక్కుంటుంటాయి. రేయింబవళ్లు ఆగని పని ఇది. నీటిలో కాల్షియం ఉన్నప్పుడు మొప్పల పొర బిగువుగా ఉండి ఈ జారుడు తగ్గుతుంది. తరతరాలుగా ఖనిజాలున్న నీటిలో బతికిన చేప ఆ ఆసరాకు అలవాటు పడింది. సున్నం లేని వాగులో బతికిన చేప ఆ ఆసరా లేకుండానే నెట్టుకొచ్చే ఒంటిని సంపాదించుకుంది. ఈ రెండింటినీ ఒకే నీటిలో వేసి, రెండూ శాంతమైనవే కదా అనుకుంటే, ఏదో ఒకటి తన శక్తినంతా ప్రాణం నిలుపుకోవడానికే ఖర్చు చేస్తుంటుంది. ఎదుగుదలకు, రంగుకు, జబ్బును తట్టుకోవడానికి దాని దగ్గర ఇక మిగిలేది తక్కువ.

మన ఇళ్లలో ఈ లెక్క మరింత అవసరం. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినమైనవి. బకెట్టు అంచున, గీజరు లోపల తెల్లగా గారకట్టేది ఆ ఖనిజాలే. తాగేనీటి కాఠిన్యానికి భారత ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేనిచోట 600 వరకు. బోరు నీళ్లు మొదటి హద్దు దాటి ఉండటం మనకు కొత్త కాదు. మనుషులు ముఖం చిట్లించే ఈ నీళ్లే మోలీకి, ప్లాటీకి, గప్పీకి, స్వోర్డ్ టెయిల్‌కు హాయిగా ఉంటాయి. అయితే చేపల మీద ప్రేమకొద్దీ చాలామంది తొట్టిలో ఆర్వో నీళ్లు పోస్తారు. మనం తాగడానికి మంచివైతే చేపకూ మంచివేనని నమ్మకం. ఖనిజాలు తీసేసిన ఆ నీటిలో మోలీ కొన్నాళ్లకు రెక్కలు ముడుచుకుని, ముందుకు కదలకుండా ఉన్నచోటే ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ నిలబడిపోతుంది. జబ్బు చేసిందనుకుని మందు వేస్తారు. దానికి కావలసింది మందు కాదు, మనం వడకట్టి పారబోసిన ఖనిజాలు. పైగా నగరాల్లో ఒకే ఇంటి కుళాయిలో కొన్నాళ్లు నది నీళ్లు, కొన్నాళ్లు బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకరు నీళ్లు వస్తాయి. కాబట్టి చేపల దుకాణానికి వెళ్లేముందు కొనవలసింది కాఠిన్యాన్ని, పీహెచ్‌ను చూపించే పరీక్ష చుక్కల సీసాలు. వాటి ఖర్చు ఒక చేపల జత ధరను మించినా సరే, ముందు అవే కొనాలి.

దీనికొక అభ్యంతరం ఉంది, అది గట్టిదే. ఇవాళ మన ఇళ్లకు వచ్చే గప్పీలు, ఏంజెళ్లు, చాలా రకాల టెట్రాలు అడవి వాగుల్లో పట్టినవి కావు. చెన్నైలోని కొళత్తూరు లాంటి చోట్ల తరాల తరబడి సిమెంటు తొట్లలో పుట్టి పెరిగినవి. వాటి తాతముత్తాతల నీళ్లతో ఇప్పుడు పనేమిటని అడగవచ్చు. ఇందులో సగం నిజముంది. తొట్లలో పుట్టిన ఏంజెల్, కొన్ని టెట్రాలు ఓ మోస్తరు కఠినమైన నీటిలో బాగానే ఉంటాయి. అక్కడ గుడ్లు పొదగకపోవచ్చు, కానీ ఆరోగ్యంగా తిరుగుతాయి. ఈ సర్దుబాటు రెండోవైపు అంతగా కుదరదు. మెత్తటి నీటి చేప కాస్త సున్నాన్ని భరించినంతగా, సున్నపు నీటి చేప ఖనిజం లేని నీటిని భరించలేదు. ఎక్కడో పెరిగిన చేప అక్కడి నీటికి అలవాటు పడిందని ఒప్పుకుంటే, మన కుళాయి నీరు ఆ పెంపకందారు నీటికి దగ్గరగా ఉందా అన్న ప్రశ్న మరింత బలపడుతుందే తప్ప రద్దు కాదు. సీసాలో అమ్మే ఆమ్లం నాలుగు చుక్కలు వేసి పీహెచ్ దించుకోవచ్చు కదా అనే వాదన కూడా నిలవదు. కఠినమైన నీటిలో సాధారణంగా ఉండే బైకార్బొనేట్లు ఆ ఆమ్లాన్ని మింగేస్తాయి; పీహెచ్ దిగినట్టే దిగి ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పైకి వస్తుంది. స్థిరంగా ఉన్న 8 కంటే ఇలా పైకీ కిందికీ ఊగే 7 చేపకు ఎక్కువ చేటు.

పీహెచ్ సంగతి వచ్చింది కాబట్టి అమ్మోనియా మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎన్ని చేపలు వేయవచ్చన్నది దానితోనే ముడిపడి ఉంది. చేపలు మొప్పల గుండా వదిలే అమ్మోనియాలో కొంత భాగమే విషం. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే ఆ విషభాగం మొత్తంలో ఒక శాతం కూడా ఉండదు. అదే వేడిలో పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. అంటే చేపలు అవే, ఫిల్టరు అదే, మేత అదే అయినా బోరు నీళ్ల తొట్టిలో ప్రమాదం దాదాపు పది రెట్లు. నీరు వేడెక్కేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. పైగా వేడి నీరు ప్రాణవాయువును తక్కువగా పట్టుకుంటుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది, సరిగ్గా అప్పుడే చేప ఒంటికి ఎక్కువ ప్రాణవాయువు కావాలి. మే నెలలో మన గదుల్లో తొట్టి నీరు 30 దాటడం మామూలు. చల్లటి నీటిని ఇష్టపడే గోల్డ్ ఫిష్‌ను, వెచ్చదనం కోరే టెట్రాలను కలిపి ఉంచే తొట్టిలో ఎవరో ఒకరికి ఏడాది పొడవునా ఇబ్బందే. గౌరామీలకు, ఫైటర్ చేపకు నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకునే అవయవం అదనంగా ఉంది కాబట్టి మన వేసవిని అవి కొంత తేలిగ్గా గట్టెక్కుతాయి.

నీరు కుదిరాక చూడవలసింది చోటు. దుకాణంలో కనిపించేవి పిల్లలు. బొటనవేలంత ఆస్కార్ ఏడాది తిరిగేసరికి అడుగు పొడవుకు చేరువవుతుంది. రూపాయి బిళ్లంత ఏంజెల్ అరచేయంత అవుతుంది. నోట్లో పట్టే నియాన్ టెట్రా అప్పుడు దానికి మేత. ఇన్ని లీటర్లకు ఇన్ని అంగుళాల చేప అని చెప్పే లెక్క ఇక్కడే మోసం చేస్తుంది. పొడవు పదింతలైతే బరువు వెయ్యింతల దాకా పెరుగుతుంది. మూడు సెంటీమీటర్ల చేపలు పది, ముప్పై సెంటీమీటర్ల చేప ఒకటి సమానం కావు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టి నిండా పోస్తే పట్టేది 57 లీటర్లే. అడుగున రాళ్లు, పైన ఖాళీ పోను అందులో మిగిలేది ఇంకా తక్కువ.

అలాంటి తొట్టికి గాజు శుభ్రం చేస్తుందని చెప్పి సక్కర్ ఫిష్‌ను అంటగట్టడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. వేలంత కొన్న ఆ చేప అడుగు దాటి పెరుగుతుంది, తినేదానికి తగ్గట్టే తొట్టి నిండా మలం వదులుతుంది, పెద్దయ్యాక మిగతా చేపల మేత మీద పడుతుంది. భరించలేక చాలామంది దాన్ని పట్టుకెళ్లి చెరువులో వదిలేస్తారు, చంపలేదన్న తృప్తితో. దక్షిణ అమెరికాకు చెందిన ఆ చేపలే ఇవాళ మన చెరువుల్లో, కాలువల్లో పెరిగి, ఎముక పలకల ఒంటితో, ముళ్ల రెక్కలతో వలల్ని చింపుతున్నాయి. జాలర్లు వాటిని దెయ్యం చేపలంటారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటిలో కలిసిన డీఎన్ఏ ఆధారంగా వాటి జాడ తీస్తున్నారు. చోటు చూడకుండా కొన్న చేప వల్ల జరిగే నష్టం కొన్నవాళ్ల ఇంటితో ఆగడం లేదు. వద్దనుకున్న చేపను తిరిగి దుకాణానికే ఇవ్వాలి, పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు అప్పగించాలి. చెరువు దాని చోటు కాదు.

ఇక స్వభావం. దాన్ని నేను కొట్టిపారేయడం లేదు. కానీ అది జాతికి శాశ్వతంగా అంటించిన ముద్ర కాదని అంటున్నాను. టైగర్ బార్బ్ మంచి ఉదాహరణ. రెండో మూడో వేస్తే అవి ఏంజెల్ తోకనూ గప్పీ తోకనూ పీకి పెడతాయి. పది వేస్తే ఆ దుడుకుతనంలో ఎక్కువ భాగం తమలో తాము తరుముకోవడంలోనే ఖర్చవుతుంది, ఎవరు పైనో ఎవరు కిందో అక్కడే తేల్చుకుంటాయి. అప్పుడు కూడా పొడుగు రెక్కల చేపల్ని వాటి పక్కన ఉంచకూడదు. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో నియాన్ టెట్రా, వైట్ క్లౌడ్, ఏంజెల్, టైగర్ బార్బ్ చేపల్ని ఒంటరిగా, రెండేసిగా, ఐదేసిగా, పదేసిగా ఉంచి చూశారు. గుంపు ఎంతదన్నది వాటి నడవడినీ క్షేమాన్నీ మార్చేస్తోందని అందులో తేలింది. గుంపులో బతికే చేపను జతగా కొనడమంటే దాన్ని భయంలో పెట్టడమే. భయపడిన చేప మూలన నక్కుతుంది, లేదా కరుస్తుంది. అందరూ సాధువని చెప్పే గప్పీ సంగతీ ఇంతే. మగవి ఆడవాటిని అలుపు లేకుండా వెంటాడతాయి. మగదానికి రెండు మూడు ఆడవి లేకపోతే ఒకే జాతిలోనే పొత్తు చెడుతుంది. రకానికో జత అనే పద్ధతి గుంపు చేపను ఒంటరిని చేస్తుంది, గప్పీ ఆడదాన్ని వేధింపులకు వదిలేస్తుంది. మన దుకాణాల్లో అన్నిటికంటే ముందు మారవలసిన అలవాటు ఇదే.

మా తొట్టిలో గోల్డ్ ఫిష్, టెట్రా, సక్కర్ అన్నీ కలిసి రెండేళ్లుగా బతికే ఉన్నాయి కదా అని కొందరు అడుగుతారు. బతికి ఉండటాన్ని కొలమానంగా తీసుకుంటే, ఆ చేప ఎన్నేళ్లు బతకాలో కూడా చూడాలి. సరైన నీటిలో, సరైన చోట గోల్డ్ ఫిష్ పదేళ్లు దాటి బతుకుతుంది. రెండేళ్లకు, మూడేళ్లకు పోయిన గోల్డ్ ఫిష్ చిన్నతనంలోనే పోయినట్టు. దాని చావు మనకు సహజంగా తోస్తోందంటే, పూర్తి ఆయుష్షు బతికిన గోల్డ్ ఫిష్‌ను మనలో చాలామంది చూడకపోవడమే కారణం.

రకాలు తగ్గిస్తే తొట్టి వెలవెలబోతుందన్నది చివరి అభ్యంతరం. చూసేవాళ్ల కోరిక కూడా న్యాయమైనదే, అందానికే కదా తొట్టి పెట్టుకునేది. కానీ పది రకాల జతలు పది వైపులకు చెదిరి, సగం రాళ్ల వెనక దాక్కున్న తొట్టిలో చూడటానికి ఏమీ మిగలదు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి ఉంటే దాదాపు 190 లీటర్లు. కుళాయిలో వచ్చేది బోరు నీళ్లయితే అందులో ఎనిమిది బోసెమాని రెయిన్‌బో చేపలు, కింద డజను ప్లాటీలు చాలు. న్యూగినీ సరస్సుల నుంచి వచ్చిన ఆ రెయిన్‌బో ముందు సగం నీలం, వెనక సగం నారింజ; కఠినమైన నీటిలో, మన వెచ్చదనంలో దాని రంగు తేలుతుంది. వచ్చేది మెత్తటి నది నీళ్లయితే ఇరవై టెట్రాలు, అడుగున ఆరేడు కోరిడోరాస్, పైన ఒక జత తేనె గౌరామీలు. ఏ నీరు వస్తుందో రూఢిగా తెలియని ఇంట్లో, వేసవికీ వానలకీ మధ్య మారిపోయే నీటిలో పుట్టిన మన దేశపు జీబ్రా చేపను మించినది లేదు. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల గ్రంథంలో దాన్ని వర్ణించాడు. ఇవాళ ప్రపంచమంతా ప్రయోగశాలల్లో దాన్ని పెంచుతున్నారు, మన దుకాణాల్లో మాత్రం చవక రకమని మూలన పెడతారు. పదిహేను జీబ్రాలు ఒకేసారి మలుపు తిరగడం చూసినవాళ్లెవరూ ఆ తొట్టిని వెలవెలబోయిందనరు.