మందిరం కంప్యూటర్‌కు ఎస్ఎంపీఎస్ ఎంచుకున్న సంగతి



మందిరం కంప్యూటర్ ఎంతవరకు వచ్చిందని రెండు ఆదివారాలుగా అడుగుతున్నారు. కానుక ఇచ్చింది మీరు గనుక లెక్క మీకు చెప్పడం న్యాయం. కొత్త ప్రాసెసర్, మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ కొన్నాం. వాటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, మన యూత్ పిల్లలు చూసి మంచివే ఎంచారు. మాట పెరిగింది ఒక్క వస్తువు దగ్గరే. క్యాబినెట్ లోపల ఓ మూలన ఫ్యాన్‌తో ఉండే ఇనప డబ్బా. షాపుల్లో దాన్ని ఎస్ఎంపీఎస్ అంటారు.

గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి లోపలి భాగాలకు పంచడం దాని పని. అది ఎంత బాగా పనిచేసినా పాట స్పీడుగా రాదు, బొమ్మ అందంగా పడదు. అందుకే చాలామంది అన్నిటికీ డబ్బు పెట్టేసి, చివరికి మిగిలిన చిల్లరతో దీన్ని కొంటారు. మన పాతదైతే కొన్నది కూడా కాదు, క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చింది.

"పాస్టర్ గారూ, దీని మీద 450 వాట్లని రాసే ఉంది కదండీ. ఇదే ఉంచేద్దాం, మిగిలిన డబ్బుకి రంగు లైట్ల క్యాబినెట్ వస్తుంది" అన్నారు పిల్లలు. క్యాబినెట్ బాగానే ఉంది, నేను కాదనను. అయితే ఆ డబ్బా పక్కనున్న స్టిక్కర్ చదవమన్నాను. పెద్ద అక్షరాల్లో 450 ఉంది. కింద చిన్న అక్షరాల్లో 12 వోల్టుల గీతకు ఎదురుగా 16 ఆంపియర్లని ఉంది. పన్నెండు పదహార్లు 192. ఈ రోజుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది ఆ 12 వోల్టుల లైను మీదే. అంటే మనకు అసలు పనికొచ్చేది 192 వాట్లే. మిగతాది స్టిక్కర్ మీద గొప్ప.

లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టబోయేవాడి సంగతి మీకు తెలిసిందే. మేమూ కాగితం తీసుకుని కూర్చున్నాం. ఐ5-12400 ప్రాసెసర్ మామూలుగా 65 వాట్లది, గట్టిగా పనిచేసినప్పుడు 117 దాకా వెళ్తుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మన సహోదరుడు తను వాడిన ఆర్టీఎక్స్ 3060 కార్డు ఇచ్చాడు గదా, దానికి 170. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు ఓ 50 వేసుకున్నాం. మొత్తం 337. ఇలాంటి కార్డులు రెప్పపాటులో ఒక్కసారిగా ఎక్కువ లాగి మళ్ళీ తగ్గుతుంటాయి, దానికీ జాగా ఉంచాలి. కార్డు తయారుచేసినవాళ్ళే 550 వాట్ల ఎస్ఎంపీఎస్ పెట్టమంటారు. మేమూ అక్కడే ఆగాం. 12 వోల్టుల మీద 40 ఆంపియర్లకు పైన ఉన్నదాన్నే చూశాం.

ఇంత పట్టుదల ఎందుకో చెప్తాను. కువైట్, మస్కట్‌లలో ఉన్న మన అక్కచెల్లెళ్ళు లైవ్‌లో ఆరాధన చూసేది ఈ కంప్యూటర్ నుంచే. అంతకన్నా ముఖ్యం, ప్రభువునందు నిద్రించిన మన పెద్దమ్మల సాక్ష్యాలు వాళ్ళ గొంతులతోనే ఇందులో ఉన్నాయి. నాసిరకం ఎస్ఎంపీఎస్ పోయేటప్పుడు ఒక్కోసారి వోల్టేజీ ఎక్కువ వదిలి మదర్‌బోర్డునీ డిస్కునీ కూడా పట్టుకుపోతుంది. మంచిదైతే హద్దు దాటినా, షార్టయినా తనంతట తనే ఆగిపోతుంది. అలాగని దాన్ని నమ్ముకుని కూర్చోలేదు. ఆ ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి సంఘ పెద్ద ఇంటి బీరువాలో పెట్టించాను.

కానుకల లెక్క చూసే అన్నకు వేరే బెంగ. "550 వాట్లంటే కరెంటు బిల్లు ఏమైపోతుంది అయ్యగారూ?" అన్నారు. మంచి ప్రశ్న. నూరు లీటర్ల ట్యాంకు ఉందని రోజూ నూరు లీటర్లు తాగం గదా. ఇదీ అంతే, లోపలి భాగాలు అడిగినంతే ఇస్తుంది. పాటల స్లయిడ్లు టైపు చేసేటప్పుడు మొత్తం కలిపి వంద వాట్లు కూడా లాగదు. మార్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది. ఆ వృథా తక్కువని చెప్పేదే 80 ప్లస్ గుర్తు. మనం తీసుకున్నది బ్రాంజ్. ఆ గుర్తు పొదుపుకే సాక్ష్యం, లోపలి సరుకంతా గట్టిదని కాదు. అందుకే ఐదేళ్ళ వారంటీ ఉన్నది చూశాం. పిల్లల్లో ఒకడు 850 వాట్లది తెద్దామన్నాడు. అవసరం లేనిదానికి కానుక డబ్బు పెట్టనన్నాను.

మన ఊరికి సంబంధించిన మాట ఇంకొకటి. పొలాల్లో మోటార్లన్నీ ఆడే వేళ వోల్టేజీ ఎంత పడిపోతుందో మీకు తెలుసు. కొన్ని ఎస్ఎంపీఎస్‌లు 200 వోల్టుల పైనే పనిచేస్తాయి. 100 నుంచి 240 వరకు తట్టుకునేదాన్నే అడిగి తెచ్చాం. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోగా మంచి ఎస్ఎంపీఎస్ సుమారు 16 మిల్లీసెకన్లు తన నిల్వతో నెట్టుకొస్తుంది. కనురెప్ప వేసేంత సేపు కూడా కాదది. అందుకని ఇన్వర్టర్ మీట యూపీఎస్ వైపే ఉండాలి, దయచేసి ఎవరూ మార్చకండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో కొన్ని కొత్త ఎస్ఎంపీఎస్‌లకు పేచీ వస్తుంది గానీ మనది సైన్ వేవ్‌దే. ఇంకో హెచ్చరిక, ఊడదీసుకునే వైర్లున్న ఎస్ఎంపీఎస్ మీ ఇళ్ళలో ఎవరికైనా ఉంటే, ఒక కంపెనీ వైరు ఇంకో కంపెనీ దానికి పెట్టకండి. కొస ఒకేలా కనబడుతుంది, లోపల వరస వేరు. డిస్కులు కాలిపోతాయి.

ఇక మిగిలింది ఎర్త్. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని కీబోర్డు వాయించే తమ్ముడు ఎప్పటినుంచో చెప్తున్నాడు. ఎర్త్ సరిగా లేకపోతే ఎంత మంచి ఎస్ఎంపీఎస్‌తోనైనా అలా జరుగుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, మందిరం వెనక ఎర్త్ గుంట పూర్తిగా ఎండిపోయిందన్నాడు. శనివారం ఉదయం ఏడింటికి తవ్వుతున్నాం. ఉప్పు బస్తా ఒకరు ఇస్తామన్నారు. బొగ్గులు ఇంకా కావాలి.