నాలుగో పిన్ను

కొయ్యమీద పూలు చెక్కే సీఎన్‌సీ యంత్రాన్ని ఆయన ఇంట్లోనే తయారుచేసుకున్నాడు. డబ్బంతా ఫ్రేముకే అయిపోవడంతో చవకలో 1.5 కిలోవాట్ల స్పిండిల్, దాన్ని నడిపే వీఎఫ్‌డీ కొన్నాడు. వైర్లు బిగించి స్విచ్చి వేయబోతుంటే ‘ఎర్త్ ఉందా?’ అంది భార్య. గ్రైండరు షాక్ కొట్టినప్పట్నుంచీ ఆవిడకదే భయం.

‘నాలుగో పిన్ను అదేగా’ అంటూనే మల్టీమీటరు పెట్టి చూశాడు. ఆ పిన్నుకూ స్పిండిల్ బాడీకీ సంబంధమే లేదు! గుండె గుభేల్‌మంది. బాడీకి విడిగా ఎర్త్ వైరు బిగించాడు.

తర్వాత మాన్యువల్ తెరిచాడు. స్పిండిల్ నిమిషానికి 24,000 చుట్లు తిరగాలంటే 400 హెర్ట్జ్ కావాలి. వీఎఫ్‌డీలో బేస్ ఫ్రీక్వెన్సీ మాత్రం 50 దగ్గరే ఉంది. అలాగే నడిపితే 50 హెర్ట్జ్‌కే పూర్తి వోల్టేజీ అంది వైండింగ్ మాడిపోయేది. ఆ అంకె 400కి మార్చాకే స్విచ్చి వేశాడు.

సాయంత్రానికి తొలి పువ్వు విరిసింది. ‘బాగుందండీ! మరి నా గ్రైండరు సంగతో?’ అందావిడ. ఆయన మారుమాట్లాడకుండా మల్టీమీటరు పట్టుకుని వంటింట్లోకి నడిచాడు.