సముద్ర స్నానానికి విశాఖ వెళ్తున్నారా?

వేసవి సెలవులకో, కార్తీక పౌర్ణమికో విశాఖ వెళ్దామని ఇంట్లో అనుకుంటున్నారా? అయితే పులిహోర, దద్ధోజనం, పిల్లల పొడి బట్టలు సర్దుకునే ముందు నేను చెప్పే ఈ కాస్త సంగతీ వినండి.

విశాఖలో చూడాల్సినవి చాలానే ఉన్నాయి. ఊళ్లోనే రామకృష్ణా బీచ్. అక్కడ కాళీమాత గుడి, దానికి దగ్గర్లోనే ఒడ్డుకెక్కి కూర్చున్న కురుసుర జలాంతర్గామి. 2002 నుంచీ దాన్ని మ్యూజియంగా ఉంచారు. పిల్లలు లోపలికి వెళితే ఓ పట్టాన బయటికి రారు. ఉత్తరంగా వెళ్తే రుషికొండ, ఆపైన గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి. దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ దాటితే యారాడ. కొండ మీది మలుపు తిరగ్గానే కొబ్బరి తోటల వెనక నీలంగా సముద్రం కనిపిస్తుంది చూడండీ, ఆ ఒక్క క్షణం కోసమైనా వెళ్లాల్సిందే.

నాలుగేళ్ల క్రితం మేమూ, మా ఆడపడుచు వాళ్లూ కలిసి యారాడ వెళ్లాం. ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడికి ఈత బాగా వచ్చు. మా ఊరి బావిలో నేర్చుకున్నాడు. ఒకచోట అలలు తెల్లగా నురగలు కక్కుతూ విరిగి పడుతున్నాయి. దాని పక్కనే కాస్త మేర నీళ్లు నల్లగా, నెమ్మదిగా ఉన్నాయి. "ఒరేయ్, అక్కడ వద్దు, ఇటు అలలు లేవు, ఇక్కడ మునుగు" అన్నాను. అన్నది నేనే.

రెండు నిముషాలు కాలేదు. వాడి తల దూరంగా కనబడింది. చేతులు కొట్టుకుంటూ మా వైపే ఈదుతున్నాడు గానీ ఒక్క అడుగు ముందుకు రావడం లేదు. ఆడపడుచు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఒడ్డున వల బాగు చేసుకుంటున్న పెద్దాయన లేచి, "ఒడ్డుకేసి ఈదకు బాబూ! పక్కకెల్లు, పక్కకి!" అని చేతులు ఊపుతూ అరిచాడు. అదృష్టం, వాడికి వినపడింది. పక్కకి ఈది, అలలు విరుగుతున్న చోటికి చేరి, ఆ అలలతోనే మాకు వంద గజాల అవతల ఒడ్డున పడ్డాడు. మా ఆడపడుచు నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది!

"అల ఇరగని కాడే గుంట ఉంటాదమ్మా. ఒచ్చిన నీరంతా ఆ దారినే ఎనక్కెల్తాది" అన్నాడు పెద్దాయన తర్వాత.

దీన్నే రిప్ కరెంట్ అంటారు. పెరట్లో బకెట్ నీళ్లు కుమ్మరిస్తే అన్నీ తూము వైపే పరుగెత్తవూ? ఇదీ అంతే. అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీళ్లు ఇసుక తిన్నెల మధ్య ఎక్కడ పల్లం ఉంటే అక్కడ్నుంచి సముద్రంలోకి వెనక్కి పోతాయి. ఆ వేగం ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లు కూడా ఉంటుందట. మంచి ఈతగాడైనా దానికి ఎదురీది అలిసిపోవాల్సిందే. చాలామంది అనుకున్నట్టు అది మనిషిని అడుక్కి లాగదు, దూరంగా తీసుకుపోతుందంతే. ప్రాణం తీసేది మన కంగారూ, అలసటే. కాబట్టి చిక్కుకుంటే ముందు వెల్లకిలా తేలాలి, చెయ్యెత్తి పిలవాలి, ఓపిక ఉంటే తీరానికి సమాంతరంగా ఈదాలి.

కార్తీక, మాఘ స్నానాలకు వెళ్లే మనలాంటి వాళ్ల సంగతి వేరే చెప్పాలి. మనకు ఈత రాదు. పైగా తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది. మోకాలి లోతులోనే కాళ్ల కింద ఇసుక జారుతుంది. పౌర్ణమికీ, అమావాస్యకీ పోటూ ఆటూ రెండూ ఎక్కువే. ఆటు వేళ ఆ గుంటల్లో లాగుడు పెరుగుతుంది. చెంబుతో నీళ్లు ముంచుకుని ఒడ్డునే తలమీద పోసుకుంటే పుణ్యం ఏమైనా తగ్గుతుందా? నేనైతే తగ్గదనే అనుకుంటాను.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాలే దూకకండి. ఒకరి కోసం ఇంకొకరు దిగి ఇద్దరూ పోయిన ఇళ్లున్నాయి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా గానీ, పిల్లల బంతి గానీ విసరండి. పట్టుకుని తేలతారు. జాలర్లనీ, కాపలా ఉండే ఈతగాళ్లనీ పిలవండి. ఒడ్డుకు తెచ్చాక పొట్ట నొక్కడం, తలకిందులు చేయడం వద్దు. ఊపిరి ఆడకపోతే, తెలిసినవాళ్లు నోటితో ఊపిరి ఊది, ఛాతీ మధ్యలో నొక్కుతుండాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

బయల్దేరే ముందు వాతావరణం వార్తలు వినండి. సముద్రం లేని హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. పెద్ద అలలు వస్తాయంటే అదే ముందుగా హెచ్చరిస్తుంది. తుపాను ఎక్కడో ఒడిశా దగ్గరుందిలే, ఇక్కడ ఎండ కాస్తోంది కదా అనుకోవద్దు. దూరపు తుపాను అలలు మనదాకా వస్తాయి. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారంటే ఆ రోజుకి కైలాసగిరి చూసి రండి.

అన్నట్టు, వేసవిలో కొండల మీద గడ్డి ఎండి ఉంటుంది. టీ కోసం అక్కడ స్టవ్ వెలిగించొద్దు. ఫ్లాస్కులో పట్టుకెళ్లండి.

మొన్న మళ్లీ యారాడ వెళ్లాం. మా మేనల్లుడు ఇసుకలో కూర్చుని, అల ఎక్కడ విరుగుతోందో, ఎక్కడ విరగడం లేదో పది నిముషాలు చూశాడు. అప్పుడు పిల్లల్ని తీసుకుని మోకాలి లోతు వరకే దిగాడు. మా ఆడపడుచు సంచీ విప్పితే పులిహోర గిన్నె పక్కన మూత గట్టిగా బిగించిన అయిదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా ఉంది. దాన్ని తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు ఇక్కడే నిలబడు వదినా" అంది.