అన్నయ్యకి అన్నీ తెలుసు

మా ఇంట్లో టీవీ రిమోట్ మొరాయించినా, పిన్ని ఫోన్లో ఫోటోలు మాయమైనా, ఇన్వర్టర్ కుయ్యో అని అరిచినా ఫోన్ నాకే వస్తుంది. సాఫ్టువేరు ఇంజినీరుని కదా! నేను చేసేది జావా అనీ, అదీ ఎవరో రాసిపోయిన కోడులో నల్ చెక్కులు పెట్టుకోవడమేననీ చెప్తే ఎవరూ నమ్మరు. చెప్పడం ఇష్టంలేక తప్పించుకుంటున్నాననుకుంటారు. కొన్నేళ్ళపాటు ఆ మర్యాద అనుభవించాక నాకు నిజంగానే అన్నీ తెలుసని నేనూ నమ్మేశాను. దాని ఫలితం 2024 దసరాకి కనపడింది.

మా తమ్ముడు ఖమ్మంలో ఓ చిన్న ఆఫీసులో లెక్కలు రాస్తాడు. పద్నాలుగు నెలలు సినిమాలు, షికార్లు మానేసి 60 వేలు పోగేశాడు, గేమింగ్ కంప్యూటర్ కోసం. నాన్నకి బొత్తిగా నచ్చలేదు. "అరవై వేలు పోసి ఆటలాడుకునే డబ్బానా? లాప్‌టాప్ అయితే రేపు పనికైనా వస్తుంది" అన్నారు. వాడిది ఒకటే మాట: "అన్నయ్య చూసుకుంటాడు నాన్నా, వాడికి తెలుసు."

ఆ రాత్రే ఎక్సెల్ షీటు తెరిచాను.

ఎప్పుడూ చేయని వాళ్ళకి చెప్తున్నాను, ఇది అచ్చం పెళ్ళి సంబంధాలు చూడడమే. ప్రాసెసరు నచ్చుతుంది, బోర్డు సాకెట్ కలవదు. బోర్డు కుదురుతుంది, ర్యామ్ గోత్రం వేరవుతుంది. ఇంటెల్ 12వ తరం బోర్డుల్లో డిడిఆర్4 తీసుకునేవి వేరు, డిడిఆర్5 తీసుకునేవి వేరు. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దూరను కూడా దూరదు. ఏఎండి వాళ్ళ కొత్త ఏఎమ్5 సాకెట్‌కి వెళ్తే డిడిఆర్5 తప్ప గతి లేదు, మానిటర్‌తో కలిపి 60 వేలలో అది తెమిలేది కాదు. అందుకని పాత ఏఎమ్4 మీదకే వచ్చాను. రైజెన్ 5 5600, ఆరు కోర్లు, 65 వాట్లు, పెట్టెలోనే ఫ్యాన్ ఇస్తారు.

గేమింగ్ కోసమైతే డబ్బులో మూడోవంతు గ్రాఫిక్స్ కార్డుకే పోవాలి, అక్కడ పిసినారితనం చూపిస్తే మిగతా ఎంత పెట్టినా దండగే. ఆర్ఎక్స్ 6600 అనుకున్నాం. 1080పి మానిటర్‌కి అది చాలు. 132 వాట్లే తింటుంది, 450 వాట్ల పవర్ సప్లై సరిపోతుందని ఏఎండి వాళ్ళే చెప్తారు. నేను 550 తీసుకున్నాను. క్యాబినెట్‌తో పాటు ఊరూ పేరూ లేని పవర్ సప్లై ఉచితంగా ఇస్తామంటారు చూశారూ, ఆ ఉచితం మాత్రం వద్దు. ర్యామ్ 16 ఒకటే కాకుండా 8+8, అప్పుడే రెండు ఛానెళ్ళూ వాడుకుంటుంది. (2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీనంతా ఊడ్చుకుపోయి ధరలు భగ్గుమన్నప్పుడు, ఆ బిల్లు మీద 16 జీబీకి 3 వేల చిల్లర అన్న అంకెని నేనూ తమ్ముడూ మళ్ళీ మళ్ళీ చూసుకున్నాం.)

ఇక మిగిలింది మదర్‌బోర్డు. ఇక్కడే నా తెలివి బయటపడింది. బి550 బదులు బి450 తీసుకుంటే రెండున్నర వేలు మిగులుతుంది. కంపెనీ వెబ్‌సైట్లో ఆ బోర్డుకి పనికొచ్చే ప్రాసెసర్ల జాబితా చూశాను. రైజెన్ 5 5600 పేరుంది. పేజీ మూసేశాను. పక్క గడిలో ఇంకేదో నంబరుంది కానీ దాన్నెవరు చూస్తారు!

దసరాకి వారం ముందు తమ్ముడు వచ్చాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ఇద్దరం వెళ్ళాం. సామాన్లన్నీ కట్టిస్తుంటే షాపతను అడిగాడు, "సార్, బోర్డు పాత స్టాకు. బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మంటారా? మూడొందలవుతుంది." నేను నవ్వి "నేను సాఫ్టువేరేనండీ, అక్కర్లేదు" అన్నాను. అతను నా వంక ఓసారి, తమ్ముడి వంక ఓసారి చూసి బిల్లు రాసేశాడు. వాడు ఆ పెట్టెలన్నీ ఒళ్ళో, కాళ్ళ దగ్గర పెట్టుకుని రాత్రి బస్సెక్కాడు.

మర్నాడు వీడియో కాల్‌లో నేను చెప్తుంటే వాడు బిగించాడు. సాయంత్రానికి స్విచ్ వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి. తెర మీద ఏమీ లేదు.

కేబులు బోర్డుకి పెట్టావా, కార్డుకి పెట్టావా అన్నాను. 5600కి సొంత గ్రాఫిక్స్ ఉండవు, బోర్డుకి పెడితే ఏమీ రాదు. కార్డుకే పెట్టాడు. ర్యామ్ తీసి పెట్టమన్నాను, ఒక్కటే పెట్టి చూడమన్నాను. మూడు రాత్రులు ఇదే భాగోతం. మూడో రాత్రి నాకు ఓపిక పోయింది. "ప్రాసెసర్ పెట్టేటప్పుడు పిన్ను వంచేసుంటావురా. నెమ్మదిగా పెట్టమని చెప్పానా లేదా?" అన్నాను. వాడేమీ మాట్లాడలేదు. వెనకాల నాన్న గొంతు వినపడింది, "అయిందా? అరవై వేలూ?"

ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఆ జాబితా పేజీ మళ్ళీ తెరిచాను. ఆ పక్క గడిలో ఉన్నది బయోస్ వెర్షన్. ఫలానా వెర్షన్ నుంచే 5600ని గుర్తుపడుతుందని. పెట్టె ఫోటో పంపమన్నాను. రైజెన్ 5000కి సిద్ధం అనే స్టిక్కర్ దాని మీద లేదు.

తర్వాత చదివితే తెలిసింది, దీని వెనక పెద్ద కథే ఉంది. 2020 మే నెలలో ఏఎండి అసలు బి450 బోర్డులకి ఈ తరం ప్రాసెసర్లు పనిచేయవనే ప్రకటించింది. బయోస్ ఉండే చిప్పు చాలా బోర్డుల్లో 16 మెగాబైట్లే, అన్ని తరాలకీ చోటు చాలదు అన్నారు. జనం గోల చేస్తే రెండు వారాల్లోపే మాట మార్చారు. అంటే సాకెట్ అదే, పిన్నులు అవే, బిగిస్తే బిగుస్తుంది, అయినా బోర్డుకి ఆ ప్రాసెసరు ఎవరో తెలియదు. లైబ్రరీ వెర్షన్ చూడకుండా ప్రొడక్షన్‌కి పంపే జూనియర్ని నేనెన్ని మాటలన్నానో గుర్తొచ్చింది.

ప్రాసెసర్ అవసరం లేకుండా పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చే బటన్ కొన్ని బోర్డులకి ఉంటుంది. మాదానికి లేదు, రెండున్నర వేలు ఆదా చేశాం కదా. ఆఫీసులో ఒకతని దగ్గర పాత రైజెన్ 3 2200జి ఉంటే అడిగి, కాస్త థర్మల్ పేస్టు కొనుక్కుని శుక్రవారం రాత్రి ఖమ్మం బస్సెక్కాను.

పొద్దున్నే స్క్రూలు విప్పి ఫ్యాన్ పైకి లాగాను. పేస్టుకి అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడి వచ్చేసింది. మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలట, గుంజకూడదట. వెనక్కి తిప్పి చూస్తే 1331 పిన్నుల్లో మూల పిన్ను ఒకటి పక్కకి వంగి ఉంది. నేనే వంచాను, వాడి కళ్ళముందే.

వాడు ఒక్క మాట అనలేదు. తన బ్యాగులోంచి పెన్ పెన్సిల్ తీసి, లెడ్డు దులిపేసి, ఆ సన్నటి గొట్టాన్ని పిన్నుకి తొడిగి నిలబెట్టాడు. చెయ్యి ఎక్కడా వణకలేదు. నేనైతే ఊపిరి కూడా తీసుకోలేదు.

2200జి పెట్టగానే తెర వెలిగింది. బయోస్ ఒకేసారి కొత్తదానికి వెళ్ళదు, మధ్యలో ఇంకో వెర్షన్ ఎక్కించి వెళ్ళాలి. ఆ కాసేపట్లో కరెంటు పోతే బోర్డు ఇటుకరాయే. ఇన్వర్టర్‌కి పెట్టాం. అమ్మ వంటింట్లోంచి "ఒరేయ్, మిక్సీ వేసుకోవచ్చా?" అని అడుగుతోంది. ఇద్దరం ఒకేసారి "వద్దూ" అని అరిచాం. ఆ రోజు ఇడ్లీల్లోకి కారప్పొడే.

పదకొండింటికి 5600 మళ్ళీ పెట్టాం. తెర మీద దాని పేరు కనపడింది. నాన్న కుర్చీలోంచి లేచొచ్చి చూసి, "ఇంతేనా?" అని వెళ్ళి పేపర్ చదువుకున్నారు. పిన్ను సంగతిలో అనవసరంగా అన్నానురా అని తమ్ముడితో చెప్పాను. "పోనీలే అన్నయ్యా, విండోస్ ఎక్కిద్దాం" అన్నాడు.

మధ్యాహ్నం భోంచేసి నేను పడుకున్నాను. లేచేసరికి వాడు బయోస్‌లో ఉన్నాడు. "ర్యామ్ డబ్బా మీద 3200 అని ఉంది, ఇదేమో 2400 చూపిస్తోంది. ఎక్స్ఎమ్‌పి అని ఒకటి ఆన్ చేయాలంట, నువ్వు చెప్పలేదే?" అన్నాడు.

దాని సంగతి నేను మర్చిపోయాను. అప్పటికే వాడు ఆన్ చేసేశాడు.